డ్రేఫస్ కేసులో డెగా అటు, పిస్సారో ఇటు ఎందుకు నిలబడ్డారు?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. ఇంప్రెషనిస్టులు అనే ఫ్రెంచి చిత్రకారుల గుంపు ప్రభుత్వ అకాడమీని ఎదిరించిన తిరుగుబాటుదారులు కదా, మరి డెగా, రెన్వార్ లాంటివాళ్లు డ్రేఫస్ కేసులో సైన్యాన్ని ఎలా వెనకేసుకొచ్చారు? అసలు ఒక గూఢచర్యం కేసుకీ బొమ్మలు వేసుకునేవాళ్లకీ ఏమిటి సంబంధం? ఇదంతా తెలిశాక డెగా బొమ్మల్ని ఇదివరకటిలా చూడగలమా?

ఈ కాలం గురించి పాఠం చెప్పేటప్పుడు ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు మొదటి ప్రశ్న అడుగుతారు. అందులో ఒక నమ్మకం దాగి ఉంటుంది: కొత్త పద్ధతిలో బొమ్మ వేసినవాడు రాజకీయాల్లో కూడా కొత్త ఆలోచనల మనిషే అయ్యుండాలని. 1890ల ఫ్రాన్సులో ఈ లెక్క పనిచేయదు. ఎవరు ఎటు వెళ్లారో తెలియాలంటే వాళ్ల కుంచెను పక్కనపెట్టి వాళ్ల ఇల్లు, డబ్బు, 1870 యుద్ధం తాలూకు జ్ఞాపకం, రోజూ ఇంటికొచ్చే పత్రిక చూడాలి. పేర్లతో సహా చెబుతాను.

కేసు సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. 1894లో పారిస్‌లోని జర్మన్ రాయబార కార్యాలయం నుంచి చిరిగిన కాగితం ఒకటి ఫ్రెంచి సైనిక గూఢచారి విభాగానికి చేరింది. ఫ్రెంచి ఫిరంగి దళాల రహస్యాలు అమ్ముతానంటూ ఎవరో రాసిన చీటీ అది. చేతిరాత పోలికల మీద అనుమానం కెప్టెన్ ఆల్ఫ్రెడ్ డ్రేఫస్ మీదికి పోయింది. ఆయన 35 ఏళ్ల ఫిరంగి దళం అధికారి, అల్సాస్‌కు చెందిన యూదుడు. ముద్దాయికీ, ఆయన వకీలుకీ చూపించని రహస్య ఫైలు ఒకటి న్యాయమూర్తుల చేతిలో పెట్టి శిక్ష వేయించారు. 1895 జనవరి 5న సైనిక పాఠశాల ఆవరణలో అందరి ముందూ ఆయన యూనిఫాం మీది గుండీలు, పట్టీలు పీకేసి, కత్తి విరిచేశారు. తర్వాత దక్షిణ అమెరికా తీరంలోని డెవిల్స్ ఐలాండ్‌కి పంపేశారు.

ఇక్కడొక విషయం గుర్తుంచుకోండి. ఆ రోజున దాదాపు ఎవరికీ అనుమానం రాలేదు. తర్వాత డ్రేఫస్ కోసం పోరాడిన రాజకీయ నాయకులు జోరెస్, క్లెమాన్సో కూడా 1894లో శిక్ష చాలలేదన్నవాళ్లే. 1896లో గూఢచారి విభాగం కొత్త అధిపతి పికార్‌కి అసలు దోషి ఎస్టర్‌హేజీ అనే మరో అధికారి అని తెలిసింది. పైవాళ్లు పికార్‌ని ట్యునీషియాకి సాగనంపారు. అదే విభాగంలోని హెన్రీ అనే అధికారి డ్రేఫస్‌కి వ్యతిరేకంగా ఏకంగా ఒక దొంగ ఉత్తరమే తయారుచేశాడు. 1898 జనవరి 11న ఎస్టర్‌హేజీని సైనిక న్యాయస్థానం నిర్దోషిగా వదిలేసింది. రెండు రోజులకి, 13న, 'లోరోర్' పత్రికలో నవలాకారుడు ఎమిల్ జోలా రాష్ట్రపతికి రాసిన బహిరంగ లేఖ 'జాక్యూజ్' అచ్చయింది. ఒకొక్కరి పేరూ చెప్పి 'నేను నేరం మోపుతున్నాను' అన్నాడు. దాదాపు 3 లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. అంతవరకూ కోర్టు గొడవగా ఉన్నది ఆ రోజు నుంచి ఇంటింటి గొడవ అయింది.

ఎందుకు అయిందంటే, 1870లో ప్రష్యా చేతిలో ఓడిపోయి అల్సాస్‌నీ, లొరేన్‌లో కొంత భాగాన్నీ పోగొట్టుకున్న దేశం అది. ఎప్పటికైనా వాటిని తిరిగి తెచ్చేది సైన్యమేనన్న ఆశ చాలామందికి ఉండేది. సైన్యం తప్పు చేసిందంటే ఆ ఆశ మీదే దెబ్బ కొట్టినట్టు తీసుకున్నారు. దానికి తోడు పత్రికలు. 1881 జులైలో వచ్చిన చట్టంతో పత్రిక పెట్టడానికి అనుమతులు అక్కర్లేకుండా పోయింది. ఆ స్వేచ్ఛతో మంచి పత్రికలూ వచ్చాయి, విషం కక్కే పత్రికలూ వచ్చాయి. ఎదువార్ ద్రూమో 1886లో యూదుల మీద ద్వేషం రెచ్చగొట్టే పెద్ద పుస్తకం అచ్చువేశాడు, అది విపరీతంగా అమ్ముడుపోయింది. 1892లో 'లా లిబ్ర్ పరోల్' అనే దినపత్రిక మొదలుపెట్టాడు. ఆ ఏడాదే పనామా కాలువ కంపెనీ లంచాల కుంభకోణం బయటపడి ఆ పత్రిక పంట పండింది. 'జాక్యూజ్' వచ్చిన పది రోజులకి ఫెలిక్స్ వలోటన్ అనే చిత్రకారుడు ఒక వారపత్రికకి ముఖచిత్రం వేశాడు. వీధిలో అందరూ విప్పిన పత్రికల వెనక తలలు దాచుకుని ఉంటారు, ముందున్నాయన చేతిలో జోలా లేఖ. పేరు 'కాగితం యుగం'. ఆ నెలల్లో పారిస్ ఎలా ఉండేదో నేను అంత సూటిగా ఇంకెక్కడా చూడలేదు.

ఇక డెగా దగ్గరికి వద్దాం.

డెగా బ్యాంకర్ల ఇంట పుట్టినవాడు. 1874లో తండ్రి పోయాక బ్యాంకు అప్పులు బయటపడ్డాయి, తమ్ముడి బాకీలు కూడా మీద పడ్డాయి. అవి తీర్చడానికి ఆస్తులు అమ్ముకుని, నాలుగు డబ్బులకోసం బొమ్మలు వేయాల్సి వచ్చింది. పాత గౌరవం పోయింది, డబ్బున్నవాళ్ల కొత్త ప్రపంచం వచ్చిందన్న బాధ ఆయనలో అప్పటినుంచీ ఉంది. 1870 యుద్ధంలో నేషనల్ గార్డ్ ఫిరంగి దళంలో పనిచేశాడు. అక్కడ ఆయన పై అధికారి చిన్ననాటి స్నేహితుడు ఆంరీ రువార్. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది, ఆ కుటుంబమంతా డ్రేఫస్‌కి వ్యతిరేకం. సైన్యమంటే డెగాకి ఆ చలికాలం, ఆ పారిస్ ముట్టడి, ఆ స్నేహితులు.

1890లకి చూపు బాగా మందగించింది. పత్రిక తనంతట తాను చదవలేడు. ఇంట్లో పనిచూసే జోయీ అనే ఆమె చదివి వినిపించేది. ఏ పత్రికో తెలుసా? ద్రూమోది. పెళ్లి లేదు, పిల్లలు లేరు, బయటికి వెళ్లడం తగ్గింది. తిండి దగ్గర కూర్చుంటే రోజూ చెవిలో పడేది ఆ పత్రికే. డెగాని దీంతో వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. ఆయన చదువుకున్నవాడు, లోకం చూసినవాడు, ఆ పత్రికను తెప్పించుకున్నది ఆయనే. కానీ అంతకుముందు ఆయన యూదులతో ఎంత కలిసిపోయి బతికాడో చూస్తే ఈ మార్పు ఒక్క పూటలో రాలేదని అర్థమవుతుంది. యుద్ధమయ్యాక 1871లో ఆయన వేసిన జంట చిత్రం ఒకటి ఉంది: ఒకరు జనరల్ మెల్లినే, పక్కన యూదు మతగురువు అస్త్రుక్. యుద్ధంలో గాయపడ్డవాళ్లకి సాయం చేసిన ఇద్దరినీ భుజం భుజం కలిపి వేశాడు.

అన్నిటికంటే బాధ కలిగించేది హలెవీ ఇంటి కథ. లూదోవిక్ హలెవీ 'కార్మెన్' ఒపేరాకి మాటలు రాసిన ఇద్దరిలో ఒకడు. తండ్రి వైపు యూదు కుటుంబం, తాను మాత్రం క్రైస్తవుడిగానే పెరిగాడు. డెగాకి బడి రోజుల నుంచి స్నేహితుడు. ఒపేరా తెరవెనక ఛత్రి పట్టుకుని నిలబడ్డ హలెవీని డెగా 1879లో వేశాడు, ఆ బొమ్మ ఇప్పుడు ఓర్సే మ్యూజియంలో ఉంది. వారం వారం ఆ ఇంట్లో డెగాకి భోజనం. పిల్లలు ఆయన ఒళ్లో పెరిగారనే చెప్పాలి. 1897 నవంబరు చివర్లో ఒక రాత్రి భోజనాల దగ్గర కుర్రాళ్లు డ్రేఫస్ మాట ఎత్తారు. డెగా పెదవి విప్పలేదు. పైకి చూస్తూ, తన చుట్టూ ఎవరూ లేనట్టు కూర్చున్నాడు. ఆ తర్వాత ఇక ఆ ఇంటికి భోజనానికి రాలేదు. కొడుకు దానియెల్ తన జ్ఞాపకాల్లో ఇది రాసిపెట్టాడు. రెండు నెలలకి అదే దానియెల్, రచయిత మార్సెల్ ప్రూస్త్‌తో కలిసి జోలా కోసం సంతకాలు సేకరిస్తూ పారిస్ అంతా తిరిగాడు. 1908లో లూదోవిక్ చనిపోయినప్పుడు డెగా వచ్చి చూసి వెళ్లాడు.

ఇలాంటిది ఊరంతా జరుగుతోందనడానికి 1898 ఫిబ్రవరి 14న 'ఫిగారో' పత్రికలో కారాన్ దాష్ వేసిన కార్టూన్ చూడండి. పైన పెద్ద కుటుంబం బల్ల చుట్టూ కుదురుగా కూర్చుని ఉంటుంది, పెద్దాయన వేలెత్తి 'ఆ డ్రేఫస్ మాట మాత్రం ఎత్తొద్దు' అంటాడు. కింద అదే కుటుంబం జుట్లు పట్టుకుని కొట్టుకుంటోంది. రాసిన మాట ఒక్కటే: 'ఎత్తారు.' కారాన్ దాష్ కూడా డ్రేఫస్‌కి వ్యతిరేకే. ఆ నెలలోనే ఫొరాన్ అనే చిత్రకారుడితో కలిసి సైన్యం పక్షాన ఒక కార్టూన్ పత్రిక పెట్టాడు. ఫొరాన్ ఎవరు? ఇంప్రెషనిస్టు ప్రదర్శనల్లో తన బొమ్మలు పెట్టినవాడు, డెగా శిష్యుడి లాంటివాడు.

పిస్సారో పరిస్థితి పూర్తిగా వేరు. కరీబియన్ సముద్రంలో అప్పటి డెన్మార్క్ ఏలుబడిలో ఉన్న సెయింట్ థామస్ దీవిలో 1830లో పుట్టాడు. యూదుడు, అయినా మతం మీద పట్టింపు లేదు. రాజకీయంగా అరాచకవాది, అంటే ఏ ప్రభుత్వమూ అక్కర్లేదనే పక్షం. 1874 నుంచి 1886 దాకా జరిగిన ఎనిమిది ఇంప్రెషనిస్టు ప్రదర్శనల్లోనూ పాల్గొన్నది ఆయన ఒక్కడే. గుంపుని కలిపి ఉంచిన పెద్దమనిషి. డెగా, ఆయనా కలిసి చెక్కుడు అచ్చులతో ఎన్నో ప్రయోగాలు చేశారు.

'జాక్యూజ్' వచ్చిన వారాల్లో పిస్సారో లూవ్ర్ హోటల్లో గది తీసుకుని కిటికీలోంచి ఒపేరా వీధిని వరసగా వేస్తున్నాడు. బగ్గీలు, గొడుగులు, తడి రోడ్డు, పలచటి వెలుతురు. వాటిల్లో కేసు ఛాయ కూడా కనబడదు. జోలా ధైర్యాన్ని మెచ్చుకుంటూ ఆయనకి ఉత్తరం రాశాడు. అంతకుముందు తనని చూస్తే ఆగి మాట్లాడే డెగా, రెన్వార్ ఇప్పుడు ముఖం చాటేస్తున్నారు. ఈ సంగతి చిత్రకారుడు సీన్యాక్ డైరీలో ఉంది. 1898 నవంబరులో పిస్సారో కొడుకు లూసియెన్‌కి రాసిన ఉత్తరం మరీ గుర్తుండిపోతుంది. సాయంత్రం ఐదింటికి తన బొమ్మలు అమ్మే దురాన్-రుయెల్ దుకాణానికి వెళ్తుంటే 'యూదులకు చావు, జోలా డౌన్ డౌన్' అని అరుస్తున్న కుర్రమూక మధ్యలో చిక్కుకున్నాడు. నెమ్మదిగా వాళ్ల మధ్యలోంచే నడిచి వెళ్లిపోయాడు. తనని వాళ్లు యూదుడనుకోనే లేదని రాశాడు. తెల్లటి పెద్ద గడ్డం, వంగిన ముక్కు ఉన్న 68 ఏళ్ల మనిషి. ఆ మూక చేరువలోనే ఆయన జీవనాధారమైన దుకాణం ఉంది. ఆ దుకాణం యజమాని దురాన్-రుయెల్ పక్కా కాథలిక్, రాజరికం తిరిగి రావాలని కోరుకునేవాడు, డ్రేఫస్‌కి వ్యతిరేకి. అయినా పిస్సారో బొమ్మలు కొనడం, అమ్మడం ఆపలేదు. ఒపేరా వీధి బొమ్మల్ని 1898 వేసవిలో ప్రదర్శించింది కూడా ఆయనే.

రెన్వార్ విషయం తొందరగా చెప్పేస్తాను. దర్జీ కొడుకు, పింగాణీ మీద బొమ్మలు వేస్తూ పైకొచ్చినవాడు, గొడవలంటే భయం. 1882 జనవరిలో యూనియన్ జెనెరాల్ అనే కాథలిక్ బ్యాంకు దివాలా తీసింది. దురాన్-రుయెల్‌కి పెట్టుబడి అక్కడినుంచే వచ్చేది, కాబట్టి దెబ్బ నేరుగా చిత్రకారుల జేబుకి తగిలింది. బ్యాంకు కూలడం యూదు బ్యాంకర్ల కుట్ర అని ప్రచారం మొదలైంది. సరిగ్గా ఆ ఫిబ్రవరిలోనే రెన్వార్ దురాన్-రుయెల్‌కి రాశాడు: పిస్సారోతో కలిసి ప్రదర్శన పెడితే జనం విప్లవమనుకుంటారు, రాజకీయ వాసన ఉన్నదాన్ని కొనరు అని. ఆ ఉత్తరంలో పిస్సారోని యూదుడని ఎత్తి చూపాడు కూడా. డ్రేఫస్ పేరు ఎవరికీ తెలియడానికి పన్నెండేళ్ల ముందు సంగతి ఇది. అప్పటికే రెన్వార్‌కి బొమ్మలు వేయించుకునే వాళ్లలో కాహెన్ దాంవేర్ లాంటి యూదు కుటుంబాలున్నాయి. ఆయన ప్రసిద్ధ చిత్రం 'పడవ విహారుల భోజనం'లో వెనకాల టాప్ హ్యాట్ పెట్టుకుని నిలబడ్డది యూదు బ్యాంకింగ్ కుటుంబానికి చెందిన షార్ల్ ఎఫ్రుస్సీ.

ఇప్పుడు మరో ఇంప్రెషనిస్టు మొనే. ఆయన విషయంలో నాకు నచ్చేది ఒకటుంది. జోలా కుర్రవాడిగా ఉన్నప్పుడు, 1866-67లో, మానేనీ కొత్త చిత్రకారుల్నీ పత్రికల్లో వెనకేసుకొచ్చాడు. కానీ 1886లో ఓడిపోయిన చిత్రకారుడి మీద నవల రాసి వాళ్ల మనసులు నొప్పించాడు. ఇది మన శత్రువుల చేతికి ఆయుధం అవుతుందేమోనని మొనే అప్పుడే ఆయనకి ఉత్తరం రాశాడు. 1896లో జోలా 'ఫిగారో'లో మళ్లీ రాస్తూ ఇంప్రెషనిజం మీద తన నిరాశంతా వెళ్లగక్కాడు. ఏ రకంగా చూసినా మొనేకి జోలాతో బాకీ లేదు. అయినా 'జాక్యూజ్' రాగానే అభినందిస్తూ ఉత్తరం రాశాడు, మద్దతు పత్రంలో సంతకం చేశాడు. అంటే కళ విషయంలో విడిపోయినవాళ్లు న్యాయం విషయంలో కలిశారు. కళలో ఇరవై ఏళ్లు కలిసి నడిచిన డెగా, పిస్సారో విడిపోయారు. చిత్రకారుడు సెజాన్‌కి జోలా దక్షిణ ఫ్రాన్సులోని ఎక్స్ ఊళ్లో చిన్నప్పటి ప్రాణస్నేహితుడు. సెజాన్ మాత్రం ఈ కేసులో జోలాతో లేడు, చర్చికి క్రమం తప్పక వెళ్లే మనిషైపోయాడు. అయితే 1906లో ఆ ఊళ్లో జోలా విగ్రహం ఆవిష్కరించినప్పుడు కన్నీళ్లు పెట్టుకున్నాడు.

అమెరికా నుంచి వచ్చిన మేరీ కసాట్, డెగాకి అంత దగ్గరి స్నేహితురాలు, డ్రేఫస్ పక్షం. సీన్యాక్, ల్యూస్, వలోటన్ లాంటి తర్వాతి తరం వాళ్లు ఎక్కువగా ఇటే. తర్వాత జైలుపాలైన పికార్‌కి గౌరవంగా చిత్రకారులు పన్నెండు లిథోగ్రాఫులతో (రాతి అచ్చు బొమ్మలతో) 1899లో ఒక సంపుటం తెచ్చారు.

మీ ప్రశ్నకి అసలైన జవాబు మాత్రం ఎదువార్ దెబా-పొన్సాన్ అని నేనంటాను. ఈ పేరు చాలామంది విని ఉండరు. అకాడమీ చిత్రకారుడు కబనెల్ శిష్యుడు, పక్కా అకాడమీ పద్ధతి, పెద్దింటివాళ్ల పోర్ట్రెయిట్లతో సంపాదన. ఇంప్రెషనిస్టులు ఎవర్ని ఎదిరించారో సరిగ్గా ఆ కోవ మనిషి. 1898లో ఆయన ఒక పెద్ద బొమ్మ వేశాడు. సత్యం అనే నగ్న స్త్రీ చేతిలో అద్దం పైకెత్తి బావిలోంచి బయటికొస్తోంది. ఇద్దరు మగవాళ్లు ఆమెను పట్టి వెనక్కి లాగుతున్నారు. ఒకడు ముసుగు వేసుకున్నాడు. వాళ్లలో సైన్యాన్నీ చర్చినీ జనం వెంటనే పోల్చుకున్నారు. చందాలు పోగుచేసి ఆ బొమ్మను జోలాకి బహుమతిగా ఇచ్చారు. ఇప్పుడది ఆంబువాజ్ పట్టణం మునిసిపల్ భవనంలో ఉంది. చిత్రకళగా చూస్తే కొత్తదనం ఏమీ లేదు, పాత సరుకే. కానీ దానికోసం తన ఖాతాదారుల్ని, బంధువుల్ని దూరం చేసుకున్నాడు. డెగా నృత్యకారిణుల పక్కన ఆ బొమ్మ నిలవదు. ఆ ఏడాది ధైర్యం ఎవరిదంటే నేను దెబా-పొన్సాన్ పేరే చెబుతాను.

ఎటూ తేల్చుకోనివాళ్ల గతి ఏమైందో శిల్పి రోడిన్ చూపిస్తాడు. 1891లో రచయితల సంఘానికి జోలా అధ్యక్షుడిగా ఉన్నప్పుడు నవలాకారుడు బాల్జాక్ విగ్రహం పని రోడిన్‌కి ఇచ్చారు. ఏడేళ్లు పట్టింది. 1898 మేలో, 'జాక్యూజ్' రాసినందుకు జోలా మీద జరిగిన విచారణ వేడి ఇంకా తగ్గకముందే, ప్లాస్టర్ విగ్రహం ప్రదర్శనకి పెట్టాడు. సంఘం మాకొద్దు పొమ్మంది. అప్పుడు అభిమానులు చందాలు వేసి తామే కొంటామన్నారు. జాబితా చూస్తే చాలామంది డ్రేఫస్ పక్షమే. ఆ ముద్ర తన మీద పడుతుందని రోడిన్ భయపడ్డాడు, క్లెమాన్సో కోపంతో తన పేరు తీసేయమన్నాడు. చివరికి రోడిన్ ఎవరికీ అమ్మకుండా విగ్రహాన్ని మ్యూడాన్‌లోని తన ఇంటికి తీసుకుపోయాడు. కంచు విగ్రహం పారిస్ వీధిలో నిలబడింది 1939లో, ఆయన పోయిన 22 ఏళ్లకి.

కేసు ముగింపు కూడా ఒక్క వాక్యంలో: 1898 ఆగస్టులో హెన్రీ దొంగ ఉత్తరం ఒప్పుకుని జైల్లో ప్రాణం తీసుకున్నాడు, 1899లో రెన్ పట్టణంలో మళ్లీ విచారణ జరిగి డ్రేఫస్‌ని మళ్లీ దోషి అన్నారు, పది రోజులకి రాష్ట్రపతి క్షమాభిక్ష పెట్టాడు, 1906 జులై 12న అత్యున్నత న్యాయస్థానం నిర్దోషి అని తేల్చింది. డెగా అభిప్రాయం మారలేదు. 1903లో పిస్సారో పోయినప్పుడు అంత్యక్రియలకి వెళ్లలేదు.

మిగిలింది మీ చివరి ప్రశ్న. డెగా 1879 ప్రాంతంలో వేసిన 'స్టాక్ ఎక్స్చేంజి దగ్గర పోర్ట్రెయిట్లు' అనే చిత్రం మీద చర్చంతా నడుస్తుంది. మధ్యలో టాప్ హ్యాట్ పెట్టుకున్న ఎర్నెస్ట్ మే, యూదు ఫైనాన్సియర్, చిత్రాలు సేకరించేవాడు. వెనకనుంచి ఒకడు ఆయన భుజం మీదికి వాలి చెవిలో ఏదో చెబుతున్నాడు. ఎడమవైపు స్తంభం పక్కన ఇంకో ఇద్దరు గుసగుసలాడుతున్నారు. ద్రూమో రకం కార్టూన్లలో 'గుట్టుగా దేశాన్ని నడిపించే యూదులు' అని చూపించే భంగిమలు ఇవేనని కొందరు కళా చరిత్రకారులు అంటారు. ఆ పోలిక నాకూ కనిపిస్తుంది, ముఖ్యంగా ఎడమవైపు ఇద్దరి ముక్కుల దగ్గర. కానీ 1879కి ద్రూమో పుస్తకం రాలేదు, బ్యాంకు కూలలేదు, డెగా హలెవీల ఇంట్లోనే భోజనం చేస్తున్నాడు. 1898 నాటి డెగాని తెచ్చి ఆ బొమ్మలో కూర్చోబెట్టడం తొందరపాటని నా అభిప్రాయం. అప్పటికే గాలిలో ఉన్న వెకిలి పోలికలు ఆయన చేతిలోకి తెలిసో తెలియకో వచ్చి ఉండొచ్చు, అంతవరకు ఒప్పుకుంటాను. 1890ల చివర్లో వేసిన నృత్యకారిణుల పాస్టెళ్లలో (రంగు సుద్దలతో వేసిన బొమ్మల్లో), స్నానం చేసే స్త్రీల బొమ్మల్లో మాత్రం నాకు ఆ ద్వేషం ఎక్కడా దొరకలేదు. ఎంత వెతికినా దొరకలేదని ఆయన్ని క్షమించడానికీ లేదు, ఎందుకంటే పిస్సారోకి నమస్కారం మానేసిన చెయ్యీ అదే.

ఇంకొక్కటి మీరు లెక్కలోకి తీసుకోవాలి. ఎర్నెస్ట్ మే ఆ స్టాక్ ఎక్స్చేంజి బొమ్మను అవమానంగా భావించి వదిలించుకోలేదు. దాన్ని తన దగ్గరే ఉంచుకుని, 1923లో తానే జాతీయ మ్యూజియాలకి రాసిచ్చాడు. ఇప్పుడు మీరు ఓర్సేకి వెళ్లి చూసేది ఆయన ఇచ్చిన బొమ్మే.